ఒకే పెట్టెలో రెండు నమూనా నాణేలు: 1856 సెంటు, 1879 స్టెల్లా

ఒక పాత సొంత సేకరణ నుంచి పరీక్షకు వచ్చిన రెండు అమెరికన్ నాణేల కేసు ఇది. రెండూ స్టేపుల్ కొట్టిన అట్ట ఫ్రేముల్లో ఉన్నాయి. నాణెం అసలుదో కాదో చూసి, నాణ్యతకు అంకె ఇచ్చి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసే గ్రేడింగ్ కంపెనీల సీలు దేనికీ లేదు. ఒక అట్ట మీద పెన్సిల్‌తో “1856 సెంటు, ఒరిజినల్” అనీ, రెండో దాని మీద “4 డాలర్లు, 1879, బంగారం” అనీ రాసి ఉంది. కుటుంబం వాళ్లు అడిగింది రెండే ముక్కలు: ఇవి నిజమైనవేనా, అమ్మకానికి పెడితే ఏమని రాసి పెట్టాలి?

తేలింది ముందే చెప్పేస్తే, సెంటు 1858 నాటిది, తేదీ దిద్ది 1856 చేశారు. స్టెల్లా, అంటే ఆ 4 డాలర్ల బంగారు నాణెం, నికార్సైనదే, కాకపోతే ఒకప్పుడు నగలో పెట్టి తీసినది. ఆ రెండు తీర్పులకూ ఎలా వచ్చామన్నదే అసలు విషయం. ఎందుకంటే మొదటి నాణేనికి లోహ పరీక్షలన్నీ చేసినా ఫలితం సున్నా. రెండో దానికి అవే ముందు నడవాలి.

నమూనా నాణేలు, సేకర్తల మాటల్లో ప్యాటర్న్లు, కొత్త బొమ్మో కొత్త లోహమో కొత్త విలువో ఎలా కుదురుతుందో చూడటానికి ఫిలడెల్ఫియా టంకశాల కొట్టినవి. వీటికి జడ్ అనే ఆయన జాబితాలో ఇచ్చిన నంబర్లు, అంటే జడ్ నంబర్లు, ఉంటాయి. 1856 ఎగిరే గద్ద సెంటు జడ్-180, బంగారంలో 1879 జుట్టు విరబోసుకున్న స్టెల్లా జడ్-1635. అరుదుతనాన్ని ఆర్-1 నుంచి ఆర్-8 దాకా చెబుతారు. ఆర్-7 అంటే 4 నుంచి 12 నాణేలు, ఆర్-8 అంటే ఒకటి నుంచి మూడు.

కొత్తగా ఇందులోకి దిగినవాళ్లు తికమకపడేది ధర దగ్గర. పది కూడా మిగలని ప్యాటర్న్లు కొన్ని, వెయ్యికి పైగా మిగిలిన 1856 సెంటు కంటే చవగ్గా దొరుకుతాయి. ప్యాటర్న్లు మాత్రమే సేకరించేవాళ్లు కొద్దిమంది. 1856 సెంటు మాత్రం మామూలు సెంట్ల వరుస పూర్తి చేసే ప్రతివాడికీ కావాలి, స్టెల్లా బంగారు నాణేలు విలువల వారీగా పోగుచేసేవాళ్లకు కావాలి. దొంగ సరుకు గిరాకీ ఉన్నచోటే తయారవుతుంది కాబట్టి, ప్యాటర్న్లలో ఈ రెండింటి మీదే మన అనుమానం ఎక్కువగా ఉండాలి.

ఫ్రేము విప్పే ముందు

మొదట ఫొటోలు. బొమ్మ, బొరుసు, అంచు మూడింటికీ, ఫ్రేములో ఉండగా ఒకసారి, బయటికి తీశాక ఒకసారి. నాణేలకు కొత్త గీతలు పడేది ఎక్కువగా ఇక్కడే. స్టేపుల్ పిన్ను సగం ఊడి ఉండగా అట్ట విప్పితే దాని మొన నాణెం మీదుగా గీసుకుపోతుంది. పిన్నులన్నీ పూర్తిగా పీకేశాకే అట్ట విప్పాలి. కింద మెత్తటి గుడ్డ పరిచి, నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. ఈ పనికి వాడినవి: 0.01 గ్రాము దాకా చూపే తూకం, ప్లాస్టిక్ దవడల వెర్నియర్, నియోడైమియం అయస్కాంతం, 10 రెట్ల భూతద్దం, 20 రెట్ల దాకా వెళ్లే స్టీరియో మైక్రోస్కోపు, పక్క నుంచి పడేలా వంచుకోగలిగే ఒక్క దీపం. గదిలో ట్యూబ్‌లైట్లు ఆర్పేయాలి. రెండు మూడు వైపుల నుంచి వెలుగు పడితే దిద్దిన చోట్లు కనపడవు.

సెంటు

1850ల మొదట్లో పెద్ద రాగి సెంటు కొట్టడం టంకశాలకు గిట్టుబాటు కాని పని అయింది. దాని బరువు 168 గ్రెయిన్లు, అంటే 10.89 గ్రాములు, అంతా రాగే. చిన్నదిగా, తేలికగా చేయాలని నాలుగైదేళ్లు రకరకాల లోహాలు ప్రయత్నించారు. నడుమ చిల్లు ఉన్న సెంటు నమూనాలు కూడా 1850లోనే కొట్టారు. చివరికి టంకశాల రసాయనవేత్త జేమ్స్ బూత్ సూచించిన 88 పాళ్ల రాగి, 12 పాళ్ల నికెల్ మిశ్రమం కుదిరింది. 72 గ్రెయిన్లు, అంటే 4.67 గ్రాములు. వ్యాసం 19 మిల్లీమీటర్లు, అంచు నున్నగా ఉంటుంది. టంకశాలలో బొమ్మలు చెక్కే జేమ్స్ లాంగేకర్ గద్దను గోబ్రెక్ట్ డాలరు అనే పాత వెండి నాణెం నుంచి, ఆకుల దండను తన పాత బంగారు నాణేల నుంచి తీసుకున్నాడు. కాంగ్రెసు సభ్యులకూ అధికారులకూ చూపించడానికి పంచినవే 1856 తేదీ ఉన్న సెంట్లు. కాగితాల మీద లెక్క తేలినవి 634. చట్టం 1857 ఫిబ్రవరి 21న వచ్చింది, నాణెం మే 25న జనం చేతికి వెళ్లింది. 1857లో 1,74,50,000, 1858లో 2,46,00,000 కొట్టారు.

ఈ అంకెలు ఊరికే ఇవ్వలేదు. 1857, 1858 సెంట్లు కోట్లలో ఉన్నాయి, అరిగినవైతే పదుల డాలర్లకే వస్తాయి. 1856ది అరిగిపోయినా వేల డాలర్లు. మూడేళ్లదీ ఒకే లోహం, ఒకే బరువు, ఒకే కొలత. తేడా అంతా ఒక్క అంకెలో ఉంది.

మన నాణెం 4.58 గ్రాములు తూగింది. కొంత అరిగింది కాబట్టి సరిపోతుంది. వ్యాసం 19.0 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి కదల్లేదు (ఈ మిశ్రమంలో నికెల్ ఉన్నా అది అయస్కాంతానికి అంటదు, అంటితే ఇనుప బిళ్ల మీద పూత పూసిన నకిలీ అని తేలిపోయినట్టే). నీళ్లలో ముంచి తూస్తే 0.52 గ్రాములు తగ్గింది. 4.58ని 0.52తో భాగిస్తే 8.8. రాగి-నికెల్‌కు రావాల్సింది 8.9 దగ్గర.

ఇక్కడితో ఆగి “అన్నీ పాస్” అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ 8.8 ఎంత బలహీనమైన అంకో చూడండి. తూకంలో 0.01 తేడా వస్తే తగ్గుదల 0.51 నుంచి 0.53 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, అంటే సాంద్రత 8.64 నుంచి 8.98 దాకా. స్వచ్ఛమైన రాగి, కంచు, రాగి-నికెల్ మూడూ ఆ పరిధిలోనే పడతాయి, రాగి పాలు ఎక్కువున్న ఇత్తడి కూడా పడుతుంది. ఇంత చిన్న నాణేనికి 0.001 గ్రాము తూకం లేకుండా ఈ పరీక్ష దండగ. ఉన్నా కూడా రాగినీ రాగి-నికెల్‌నూ విడదీయలేదు. పైగా 1858 సెంటును దిద్దిన నాణెం ఈ పరీక్షలన్నీ నెగ్గి తీరుతుంది, ఎందుకంటే అది నిజమైన టంకశాల సరుకే.

మన సంతల్లో, గుళ్ల దగ్గర 1818 తేదీ వేసి అమ్మే ఈస్టిండియా కంపెనీ దేవుడి బొమ్మల అణాలు అందరికీ తెలిసినవే. అవి మొత్తానికి మొత్తం కల్పితం, కంపెనీ అలాంటి నాణెం ఏనాడూ కొట్టలేదు. ఇది ఆ రకం మోసం కాదు. నాణెం నిజం, లోహం నిజం, అబద్ధం తేదీలో ఒక్కచోటే ఉంది. కాబట్టి చూడాల్సింది తేదీనే, అందులోనూ ముందు 6ని కాదు.

6ని చూడొద్దనడానికి కారణం ఉంది. దిద్దినవాడు తన నేర్పంతా అక్కడే పెట్టి ఉంటాడు. వాడు ముట్టుకోనిది పక్కనున్న 5. నిజమైన 1856లో 5 అంకె నిలువు గీతను కిందికి పొడిగిస్తే అది కింది కొస గుండ్రటి బొట్టు నడిమధ్యలోకి వెళ్తుంది. 1858లో 5 వాలు వేరు, ఆ గీత బొట్టుకు ఎడమగా బయటికి పోతుంది. 10 రెట్ల భూతద్దంతో తేదీని ఫొటో తీసి, ఫోన్ తెర మీద పెద్దది చేసి, స్కేలు అంచు ఆనించి చూస్తే చాలు. మన నాణెంలో గీత బొట్టును తాకకుండా ఎడమ పక్కగా పోయింది. అరుగుదల వల్ల ఇలా కనిపించిందేమో అన్న అనుమానానికి తావులేదు. అరిగితే గీత మందం మారుతుంది గానీ వాలు మారదు.

రెండో ఆనవాలు అక్షరాల్లో ఉంది. 1858లో రెండు రకాల అక్షరాలు వాడారు. పెద్ద అక్షరాల రకంలో ‘అమెరికా’ పదంలోని ఏ, ఎం అడుగున అతుక్కుని ఉంటాయి, చిన్న అక్షరాల రకంలో విడిగా ఉంటాయి. 1856లోనివి అతుక్కునే ఉంటాయి. కాబట్టి విడిగా ఉన్న నాణెం మీద 1856 కనిపిస్తే అక్కడే పక్కన పెట్టేయొచ్చు. మన నాణెంలో అతుక్కునే ఉన్నాయి. దిద్దినవాడికి ఆ సంగతి తెలుసు, సరైన రకమే ఎంచుకున్నాడు. కాని 1856 అచ్చులో ‘ఆఫ్’ పదంలోని ఓ అక్షరం లోపలి ఖాళీ కాస్త చదరంగా ఉంటుంది, 1858లో గుండ్రంగా సాగి ఉంటుంది. మనది గుండ్రం. ఈ చదరపు ఓ కొద్దిపాటి 1857 నాణేల మీద కూడా కనిపిస్తుంది, అందుకే ఇదొక్కటే చూసి నిజమైనదని మాత్రం తేల్చకూడదు.

అప్పుడు చివరి అంకె దగ్గరికి వచ్చాం. దీపాన్ని బల్లకు దాదాపు సమాంతరంగా వంచి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ 20 రెట్లలో చూస్తే కథంతా కనపడింది. 8 పై సున్నాలో కుడి పక్క చెక్కేశారు. ఆ చెక్కిన చోట నేల (బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం) పక్కనున్న నేల కంటే వెంట్రుకవాసి లోతుగా ఉంది, దీపం తిప్పినప్పుడు అది ఒక్కటే ముందు మెరిసి ముందు ఆరిపోతోంది. దాని మీద ఒకే దిశలో సన్నటి గీతలు, వాటిని కప్పిపుచ్చడానికి మళ్లీ రుద్దిన మసక. మిగతా నేల మీద పాత పసుపు-గోధుమ రంగు సమంగా ఉంటే, 6 చుట్టూ రంగు కొంచెం పాలిపోయింది. అచ్చు నుంచి లేచిన అంకె గోడ నేలలోకి ఒకే వంపుతో దిగుతుంది. చెక్కి మిగిల్చిన గోడ నిలువుగా, పదునుగా ఉంటుంది. ఇక్కడ 6 ఎడమ గోడ మొదటి రకం, కుడి పైభాగం రెండో రకం.

గద్ద తల, తోక కొస నునుపుగా ఉండటం మాత్రం ఏ తీర్పుకూ పనికిరాదు. రాగి-నికెల్ గట్టి లోహం. గద్ద తల, తోకల వెనక బొరుసు మీద ఆకుల దండ సరిగ్గా ఎదురుగా వస్తుంది కాబట్టి లోహం రెండు వైపులా నిండేది కాదు. 1859లో ఈ బొమ్మనే మార్చేయడానికి అదొక కారణం.

నిజమైన 1856 చేతికొస్తే ఇంకో ప్రశ్న మొదలవుతుంది: మొదట పంచిన నాణెమా, తర్వాత సేకర్తల కోసం మళ్లీ కొట్టినదా? అప్పటి డైరెక్టరు జేమ్స్ రాస్ స్నోడెన్ టంకశాల ప్రదర్శనశాలకు వాషింగ్టన్ పతకాలు కావాలని, వాటికి బదులుగా అరుదైన నాణేలు మళ్లీ కొట్టించి ఇచ్చాడు. 1856 సెంట్లు ఆ దారిలో చాలా బయటికొచ్చాయి. వీటిని అచ్చుల జతను బట్టి పరిశోధకుడు రిక్ స్నో ఇచ్చిన నంబర్లతో విడదీస్తారు. స్నో-3 వాడకపు నాణెం పద్ధతిలో కొట్టినది, స్నో-9 ఎక్కువగా దొరికే ప్రూఫ్, అంటే అద్దంలా మెరిసేలా సేకర్తల కోసం ప్రత్యేకంగా కొట్టినది. పాత సీళ్ల మీద ప్రూఫ్‌లకు వాడకపు నాణెం అని రాసినవి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సీలు మీది మాట కంటే అచ్చుల జతే గట్టి ఆధారం. ఒకప్పుడు డెట్రాయిట్ సేకర్త జార్జ్ రైస్ 756, పిట్స్‌బర్గ్ సేకర్త జాన్ బెక్ 531 పోగేసుకున్నారు. ఇన్ని ఒకేచోట చేరాయంటే ఈ ‘అరుదు’ ఎలాంటిదో అర్థమవుతుంది.

స్టెల్లా

1879లో ఆస్ట్రియా-హంగరీలో అమెరికా రాయబారి జాన్ కాసన్ ఒక ప్రతిపాదన పంపాడు: యూరప్‌లో 20 ఫ్రాంకుల నాణేలకు దగ్గరగా చెల్లే 4 డాలర్ల బంగారు నాణెం. లోహం పాళ్లు బొమ్మ చుట్టూ నక్షత్రాల మధ్య అచ్చు వేశారు: 6 గ్రాముల బంగారం, 0.3 వెండి, 0.7 రాగి, మొత్తం 7 గ్రాములు. లెక్క కుదరలేదన్నది ఆ అంకెల్లోనే ఉంది. అమెరికన్ ప్రమాణంలో 4 డాలర్లకు 6.02 గ్రాముల స్వచ్ఛమైన బంగారం, 20 ఫ్రాంకుల్లో 5.81 గ్రాములు. రెండు పక్కలా సరిపోని నాణేన్ని ఏ వర్తకుడు తీసుకుంటాడు? కాంగ్రెసు పక్కన పెట్టేసింది. జుట్టు విరబోసుకున్న బొమ్మ చార్లెస్ బార్బర్‌ది, జడ చుట్టిన బొమ్మ జార్జ్ మోర్గాన్‌ది. 1879 తేదీతో బార్బర్ బొమ్మ బంగారంలో సుమారు 425 అని లెక్క. మిగతా మూడు రకాలూ (1879 జడ చుట్టినది, 1880 తేదీతో రెండు బొమ్మలూ) చాలా తక్కువ.

ఇక్కడ లోహమే మొదటి ప్రశ్న. ఇవే అచ్చులతో రాగిలోనూ (జడ్-1636), అల్యూమినియంలోనూ (జడ్-1637) కొట్టారు. రాగివాటికి బంగారు పూత పూస్తే కంటికి తేడా తెలియదు. గిల్టు సావనీర్లు అంతకంటే ఎక్కువ. తూకం వేస్తే 6.96 గ్రాములు. 22 మిల్లీమీటర్ల అదే మందంలో రాగి అయితే 3.7 గ్రాముల దగ్గర ఉండాలి, కాబట్టి గిల్టు మాట అక్కడే పోయింది. నీళ్లలో తగ్గింది 0.41. భాగిస్తే 16.98.

నీళ్ల తూకం గురించి ఒక మాట. డిస్టిల్డ్ వాటర్, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. సన్నటి నైలాన్ దారం, దాన్ని ముంచి ముందే తూకం సున్నా చేయాలి. నాణేన్ని ముంచాక స్టెల్లా విరిసిన జుట్టు పాయల్లోనూ అంచు గాట్లలోనూ గాలి బుడగలు నిలుస్తాయి, మెత్తటి కుంచెతో తాకి వదిలించాలి. ఒక చిన్న బుడగ ఉన్నా నాణెం తేలికగా తూగుతుంది, సాంద్రత తక్కువ చూపిస్తుంది. తర్వాత అసిటోన్‌లో ముంచి, తుడవకుండా గాలికి ఆరనివ్వాలి.

0.01 తేడా లెక్కేస్తే ఇక్కడి పరిధి 16.6 నుంచి 17.4. అచ్చు మీద రాసిన మిశ్రమానికి లెక్క ప్రకారం రావాల్సింది 16.8, మామూలు 90 శాతం నాణెపు బంగారానికి 17.3. రెండూ ఆ పరిధిలోనే ఉన్నాయి. కాబట్టి రిపోర్టులో “మేలిమి ఎక్కువున్న బంగారం” అని మాత్రమే రాశాం, “మెట్రిక్ మిశ్రమం” అని రాయలేదు. అది తేలాలంటే ఎక్స్‌కిరణాలతో లోహం పాళ్లు చదివే ఎక్స్‌ఆర్ఎఫ్ యంత్రంతో వెండి 4 శాతం చుట్టూ ఉందో లేదో చూడాలి. ఆ యంత్రం చదివేది పైపొర మాత్రమే, అతుకు పెట్టిన చోట చదివితే టంకంలోని వెండిని నాణెం వెండిగా చూపిస్తుంది. అతుకుకు దూరంగా, కనీసం మూడు చోట్ల చదవాలి.

బంగారమని తేలినంత మాత్రాన టంకశాల నాణెం అని కాదు. మంచి బంగారంతోనే దొంగ అచ్చులు కొట్టిన అమెరికన్ నాణేలు ఇరవయ్యో శతాబ్దంలో బోలెడు వచ్చాయి. స్టెల్లాకు ప్రత్యేకమైన ఆనవాలు గీతలు. దాదాపు ప్రతి 1879 బార్బర్ స్టెల్లా మీదా బొమ్మ నడుమ, చెవీ జుట్టూ ఉన్నచోట, సన్నటి సమాంతర గీతలు ఉంటాయి. బిళ్లను పలచగా లాగినప్పుడు పడి, అచ్చు ఒత్తిడికి పూర్తిగా చెరిగిపోనివి. ఎత్తైన చోట లోహం అచ్చు లోతు దాకా నిండదు కాబట్టి గీత అక్కడే మిగులుతుంది, నేల మీదికి వచ్చేసరికి మాయమవుతుంది. చేతిలో పడ్డ గీత అలా కాదు. అది బొమ్మనీ నేలనీ ఒకేలా కోసుకుపోతుంది, ఒడ్డున లోహం లేచి ఉంటుంది. మన నాణెం మీద రెండు రకాలూ ఉన్నాయి. జుట్టు మీదివి మొదటి రకం, చెంప పక్క నుంచి నేల మీదికి పోయిన రెండు గీతలు రెండో రకం. అక్షరాల మూలలు పదునుగా ఉన్నాయి, లేచిన బొడిపెలు, పోతపోసిన గరుకుతనం ఎక్కడా లేవు.

మిగిలింది అంచు. పన్నెండు గంటల స్థానంలో 3 మిల్లీమీటర్ల మేర గాట్లు చదునైపోయి, వాటి మీద మళ్లీ గాట్లు గీసినట్టు ఉంది. కొత్త గాట్ల మధ్య దూరం ఒకేలా లేదు. ఆ పైన రిమ్ము దగ్గర రంగు కాస్త తెల్లబారింది. కాసులపేరులో కాసుకు కొక్కెం అతికినట్టు దీనికీ ఒకటి అతికి, తర్వాత తీసి, ఆకురాయితో రాసి, జాడ కనపడకుండా చేయబోయారు. తూకంలో 0.04 గ్రాము తగ్గడానికి కొంత కారణం అదీ కావచ్చు. నగల్లోకి వెళ్లిన స్టెల్లాలు ఎన్నో ఉన్నాయి. వాషింగ్టన్ రాజకీయ నాయకులు వాటిని ఎవరెవరికి బహూకరించారన్న కథ వేలంపాటల కేటలాగుల్లో తరతరాలుగా తిరుగుతోంది. అమ్మకానికి పనికొచ్చే కథే గానీ ఆధారంగా పెట్టుకునేది కాదు.

నేల మీద ప్రూఫ్ అద్దపు మెరుపు అంచుల దగ్గరే మిగిలింది, మధ్యలో పాలిష్ చేసిన మెరుపు. రెండింటికీ తేడా తెలియాలంటే నాణెం మీద పేపరు అక్షరాలు ప్రతిబింబించేలా పట్టుకోవాలి. అసలు అద్దంలో అక్షరాలు తేటగా ఉంటాయి, పాలిష్‌లో అలల్లా వంకర్లు పోతాయి.

రిపోర్టులో రాసినది

స్టెల్లాకు: జడ్-1635, బంగారం, నిజమైనది, ప్రూఫ్‌గా కొట్టినది, కొక్కెం తీసి అంచు సరిచేసినది, పాలిష్ చేసినది. గ్రేడింగ్ కంపెనీకి పంపితే అంకె గ్రేడు రాదు, నిజమైనదే గానీ దెబ్బతిన్నదని చెప్పే “వివరాలు” రకం సీలు వస్తుంది. అయినా పంపమనే సలహా. సీలు లేని స్టెల్లాను కొనేవాడు ఉండడు, ఉన్నా నకిలీ ధరకే అడుగుతాడు. బాగున్నవి లక్ష డాలర్లు దాటి పోతాయి. ఇలా దెబ్బతిన్నవీ పదుల వేలకు తగ్గవు. పంపేముందు ఎవరితోనూ “కొంచెం శుభ్రం” చేయించవద్దని విడిగా రాశాం. అంచు మీద లేజరు అతుకు వేయించి మళ్లీ గాట్లు తీయిస్తామనేవాళ్లు ఉంటారు. అదీ దొరికిపోతుంది, సీలు మీద ఇంకో లోపం చేరుతుంది.

ప్రభుత్వం ఈ నాణేన్ని లాక్కుంటుందా అని కూడా అడిగారు. 1877 నాటి రెండు 50 డాలర్ల బంగారు ప్యాటర్న్లను 1909లో సేకర్త విలియం వుడిన్ ఒక్కోటి 10,000 డాలర్లకు కొంటే గొడవై, చివరికి అవి టంకశాలకు వెనక్కి వెళ్లాయి. బదులుగా ఆయనకు గుట్టలకొద్దీ ప్యాటర్న్లు ఇచ్చారు. ఈనాడు బయట తిరుగుతున్న వాటిలో చాలా భాగం ఆ మూటల్లోంచి వచ్చినవే. అదే వుడిన్ 1933లో ఖజానా మంత్రి అయ్యాడు. స్టెల్లాలు వందేళ్లకు పైగా బహిరంగ వేలాల్లో అమ్ముడవుతున్నాయి, వాటికి ఆ భయం లేదు. 1974 అల్యూమినియం సెంటు లాంటివి వేరే సంగతి.

సెంటుకు: 1858, పెద్ద అక్షరాలు, తేదీ 1856గా దిద్దినది. గ్రేడింగ్ కంపెనీలు తేదీ మార్చిన నాణేన్ని గ్రేడు వేయకుండా తిప్పి పంపుతాయి, రుసుము మాత్రం పోతుంది, కాబట్టి పంపొద్దన్నాం. పాత అట్ట ఫ్రేమును పారేయించి, పీవీసీ లేని మైలార్ కవరులో పెట్టి, లోపలి చీటీ మీద పెన్నుతో ఆ తీర్పు రాశాం. పీవీసీ కవర్లలో కొన్నేళ్లకు జిగురుగా పచ్చటి పొర పట్టి రాగి నాణేలను తినేస్తుంది. పాత అట్టను నాణెంతో ఉంచొద్దనే పారేయించాం. “ఒరిజినల్” అన్న ఆ పెన్సిల్ రాత పక్కనే ఉన్నంతకాలం, ఇంట్లో తర్వాతి తరం దాన్ని మళ్లీ అమ్మకానికి తెస్తుంది. తెలిసి 1856గా అమ్మితే అది అమెరికా చట్టం ప్రకారం మోసం కిందికే వస్తుంది.